మర తల

కాశీబుగ్గలో సాహుగారి కొట్టు.
గాజుబల్ల మీద మూడు పెట్టారు,
మూడూ పిడికిట్లో ఇమిడేవే.
"మీ ఆయనకా?" అన్నాడు కుర్రాడు.
"నాకే" అన్నాను.
వాడు ఒకసారి లోపలికి చూసి
మళ్లీ నా చేతుల్ని చూశాడు.

జీడిపిక్కల బట్టీలో పద్దెనిమిదేళ్లు.
నలుపు గోళ్ల లోపలికి దిగిపోయింది.
పిక్కనూనె తినేసిన బొటనవేలు ఇది.
రేషను డిపోలో మిషను మీద పెడితే
మూడుసార్లు ఎర్రగా వెలిగి
నేను నేను కాదంటుంది.
"తుడుసుకోయే గున్నమ్మా, గట్టిగా నొక్కు"
అంటాడు దాలినాయుడు.
తుడవడానికి అక్కడ ఏటుంది?

మొదటిది నల్లది, బరువైనది.
నిమిషానికి ముప్పైఐదు వేల చుట్లన్నాడు కుర్రాడు,
తన బండి స్పీడు చెప్పుకున్నట్టు.
"మరి తక్కువలో తక్కువ ఎంత?"
ఆ మాట ఎవరూ అడగరు కాబోలు,
అట్టపెట్టె తిరగేసి వెతుక్కున్నాడు.
పనసచెక్క మీద అంత జోరు పెడితే
చెక్క తెగదు, మాడుతుంది.
మాడు వాసన నాకు బట్టీలోనే చాలు.

రెండోది బ్యాటరీది.
తీగ లేదు, తోక లేదు, పిట్టంత తేలిక.
తిత్లీ గాలి తర్వాత రోజుల తరబడి
చీకట్లో వండుకున్నవాళ్లం,
దాని మీదికి మనసు లాగింది.
కానీ ఆ బ్యాటరీ చచ్చిపోతే
ఇంకోటి విశాఖపట్నం నుంచి రావాలట.
విశాఖపట్నం నుంచి రావాల్సింది ఏదైనా
ఉద్దానం చేరేసరికి
దాని అవసరం తీరిపోయి ఉంటుంది.

మూడోది బూడిదరంగు. పేరున్న కంపెనీ కాదు.
"ఏదీ, ఓసారి తిప్పు" అన్నాను.
చెవి దగ్గర పెట్టుకుని విన్నాను.
కందిరీగలా లేదు.
మా అత్త అడ్డపొగ నోట్లో పెట్టుకుని
ముక్కుతో తీసే కూనిరాగంలా ఉంది.
చెయ్యి ఒణకలేదు. ఒళ్లు వేడెక్కలేదు.
కొస బుడిపె విప్పించాను,
సన్న ములుకూ లావు ములుకూ రెండూ పట్టాయి.
"అరిగితే కార్బన్లు ఇక్కడ దొరుకుతాయా?"
సాహుగారు పేపరు దించి
మొదటిసారి నోరు విప్పారు:
"ఆ సీసాలో ఉన్నాయి. జత ముప్పై."

నూటఐదు ముక్కల డబ్బా కూడా
తీసుకోమన్నాడు కుర్రాడు.
అందులో తొంభై దేనికో వాడికీ తెలీదు.
ఐదు కోత బిళ్లలు, ఒక గరుకు బుర్ర,
కళ్లకి అద్దాలు. అంతే.
బోనసు నోట్లు లెక్కపెట్టి ఇచ్చాను.
ఆయన వాసన చూడనట్టు నటించారు.

ఇంట్లో వెనక తలుపు
తిత్లీలో తడిసి ఉబ్బింది.
ఆరేళ్లుగా మొండి గేదెని లాగినట్టు
లాగితే తప్ప పడదు.
కింది బందు ఊడదీసి
గోరంత చెక్క చెక్కితే చాలు,
కానీ బందు మర తల అరిగిపోయింది.
ఎవరెవరో తిప్పి తిప్పి వదిలేసిన తల,
స్క్రూడ్రైవరు ఆనిస్తే జారిపోతుంది,
డిపోలో నా వేలు లాగే.
"తలుపు పగలగొట్టీడమే, ఏటి సేత్తాం"
అని కూర్మయ్య వడ్రంగి
టీ తాగి వెళ్లిపోయాడు అప్పట్లో.

బిళ్ల బిగించాను. అద్దాలు పెట్టుకున్నాను.
తక్కువ జోరులో,
పసిపిల్ల చెవికి మందు వేసినట్టు ఆనించాను.
రవ్వలు లేచి జాకెట్టు చేతి మీద పడ్డాయి.
తల మీద అడ్డంగా ఒక్క గీత.
ఊదితే, తుప్పు కింద తెల్లగా మెరిసింది.

స్క్రూడ్రైవరు అందులో కూర్చుంది.
కీచుమంది. మొరాయించింది.
తిరిగింది.

రాత ఎవరు రాస్తారో నాకు తెలీదు గానీ
ఈ తల మీద రాసింది మాత్రం
బొటనవేలి ముద్ర పడని మనిషి.

ఇంకా ఐదు మరలున్నాయి.
రెండోదాని మీద ఆనించానో లేదో
కరెంటు పోయింది.
చీకట్లో మిషను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.
ఆ బ్యాటరీది తీసుకోవాల్సిందేమో.